పెద్దమ్మ మేసిన జొన్న పిలకలు

“గొల్లాళూ… రేయ్ గొల్లాళప్పా… యాడుండావురా, ఇంగొకటి ఈనింది, ఇదీ లేయలా” అని తిప్పక్క దొడ్డి కంప కాడ నిలబడి కొడుకును పిలుస్తాంది. ఆ కొడుకు యాడికీ పోలా. దొడ్డి ఎనకాలే బండకు ఆనుకోని, మోకాళ్ల మింద కంబళి కప్పుకోని కూసోనుండాడు. ఇనపడలేదా అంటే ఇనపడింది. లేసి పోతే పిల్లను చూడాల, అందుకని చెవుల్లేనోని మాదిరి గమ్మున కూసున్నాడంట. సరే, పిల్ల ఎట్లుండాదో వాడు చూడకపోతే మనం చూస్తాము. ముందరి కాళ్లు రెండూ మోకాళ్ల కాడ మడిచి బిగుసుకోనుండాయి, ఎంత లాగినా చాపుకోవు. మెడ కింద నిమ్మకాయంత గడ్డ. ఒంటి మింద బొచ్చు ఉండీ లేనట్ల. తల్లి గొర్రె పాపం నాకుతాంది, నాకుతాంది, ముట్టెతో పొడుస్తాంది, లేసి పాలు తాగు అని. అది లేస్తేనా. తల ఎత్తినాది, గడ్డ బరువుకు మళ్ల వాల్చినాది. ఇట్లా పుట్టింది ఇదొక్కటే అయితే ఏదో ఒకటి అనుకోవచ్చు. దీనికి ముందు కొన్ని సూడి గొర్రెలు, కడుపుతో ఉండేవాటిని మేము సూడివంటాములే, నెలలు నిండకుండానే ఈసుకపోయినాయి. నిండినవి ఈనితే ఇదో ఇట్లాంటి పిల్లలు. అంత పెద్ద మందలో గెంతే పిల్ల కోసరం ఎతుక్కోవాల. ఈనే కాలంలో మా కురబోళ్ల దొడ్డి ఎట్లుంటాదో మీకు తెలుసు కదా, పిల్లల అరుపుకు మనిషి మాట మనిషికి ఇనపడదు. ఆ ఏడు తిప్పక్క దొడ్డిలో తిప్పక్క గొంతు తప్ప ఇంగేమీ ఇనపడలేదంట.

ఇప్పుడు ఏమైందంటే, ముందు మీకు ఆ కట్టడి సంగతి చెప్పాల, లేకుంటే గొల్లాళప్ప ఎంత ఎర్రోడో మీకు అర్థం కాదు. పొట్టేలును మందలోకి ఇడిసిన రోజు నుంచి తొలి పిల్ల ఈనేదాకా, మంద మేపేటోడు ఇంటికి రాకూడదు. దొడ్డి కాడే నిద్ర. సంగటి తల్లి తెచ్చి పెట్టాల. పెండ్లాం ముఖం చూడకూడదు, ఆమె దొడ్డి పక్కకు రాకూడదు. మా కులదేవుడు బీరప్ప పెట్టిన కట్టడి అంటారు. బీరప్ప పెట్టినాడో, పెండ్లాం మింద కోపంతో ఎవడో పెట్టి బీరప్ప పేరు చెప్పినాడో, నేనైతే చూడలేదు. గొర్రెలేమో పొట్టేలుతో ఉండొచ్చు, వాటిని కాసేటోడు మాత్రం ఒంటిగా ఉండాల, ఇది న్యాయం. సరే, ముసలోళ్లకు ఈ కట్టడి ఏం కష్టం, కొందరు దాని కోసరమే ఏడాదంతా కాసుకోనుంటారు. గొల్లాళప్పకు కొత్తగా పెండ్లయింది. జ్యేష్ఠంలో పెండ్లి, ఎంబడే పొట్టేలును ఇడిసినారు. పసుపు బట్ట ఇంకా ఉతకలేదు, వాని చేతికి కర్ర ఇచ్చి పోరా దొడ్డికి అనింది తల్లి.

ఆ పిల్ల పేరు మాళక్క. ఎంకటాద్రిపల్లి పక్క నుంచి వచ్చింది. ఆమె అందం ఎట్లుంటాదంటే, నల్లగా నిగనిగలాడే పిల్ల, నవ్వితే మబ్బు పట్టిన పొద్దు తంగేడు చెట్టు ఒక్కటి ఎండలో నిలబడినట్ల ఉంటాదంట. జాతరలో ఆమె తొట్టికాడ ఒక గుడ్డి గొర్రెకు దోసిట్లో నీళ్లు తాపుతాంటే గొల్లాళప్ప చూసినాడు. చూసి, తల్లి తన అన్న కూతురిని చేసుకోమంటే, కాదు ఆ పిల్లే కావాలన్నాడు. వాడు బతుకులో గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే అనుకో. మళ్ల ఇంగొకసారి మాట్లాడేకి ఈ కథంతా పట్టింది. తిప్పక్క ఒప్పుకునింది కానీ, మింగిన మాట లోపల కుదురుగా ఉంటాదా. కోడలు వాకిలి ఊడ్చితే దుమ్ము లేపుతాంది అంటాది, నీళ్లు చల్లి ఊడ్చితే బురద చేస్తాంది అంటాది. మాళక్క సరే అత్తా అనేది. ఆ సరే అత్తా అనే మాట ఎంత మెత్తగా అనేదంటే, తిప్పక్కకు తిట్టేకి పట్టు దొరికేది కాదంట, దాంతో ఇంగా మండేది.

శ్రావణంలో ఆడోళ్లంతా వంక పక్క శనక్కాయ చేన్లలో కలుపు తీసేకి పోతారు కదా. మాళక్కా పోతాండేది. ఆ చేనికి ఆనుకోని కులపెద్ద చౌడప్పది జొన్న చేను. మేతకు ఏసి ఒక కోత కోసినాడు, ఆ తర్వాత వాన మొహం చాటేసింది. మోడుల్లోనుంచి పిలకలు లేసినాయి, మోకాటెత్తు, ముదురు పచ్చ, కంటికి శానా బాగుంటాయి. అవి విషం. వాడిన జొన్న పిలక మేస్తే పశువుకు నాము తగులుతాది, కడుపుబ్బి, నోట్లో నురగొచ్చి, ఉన్నచోటే పడిపోతాది. ఇది మా పక్క చంటి పిల్లోనికీ తెలుసు. అందుకే చౌడప్ప దానికి కాపలా కూడా పెట్టలా, ఎవడొస్తాడు ఆడికి. ఎవడొచ్చినాడో నేను చెప్పాల్నా? కొండ కింద నడుమెత్తు గడ్డి ఉండాది, ఊరి మందలన్నీ ఆడికి పోతాండాయి. గొల్లాళప్ప మాత్రం పొద్దు నడినెత్తికొచ్చే యాళకు మందను మెల్లగా వంక దిక్కు మళ్లించేవాడు. ఎందుకో ఆ గొర్రెలకు తెలీదు, వాటికి చెప్పాల్సిన పని లేదు కూడా.

అయితే వాడు మరీ అంత బుద్ధి లేనోడు కాదు. పరీక్ష పెట్టినాడు. మా కురబోళ్లకు ఒక అలవాటుంది, తెలీని మేత కాడ మందను ఇడిసే ముందు ఒక గొర్రెను ఇడుస్తాము. మంచి గొర్రెను ఎవరు ఇడుస్తారు? ముసిలిది, ఈనలేనిది, పోయినా ఇంట్లో ఎవరూ ఏడవనిది. తిప్పక్క మందలో అట్లాంటిది ఒకటుండాది, మెడలో గంట కట్టినారు, పేరు పెద్దమ్మ. గొడ్డుది. ఆ మాట రోంత గుర్తుపెట్టుకోండి. పెద్దమ్మ తిని, నిలబడి, నెమరేస్తే మంద తినొచ్చు. అది లెక్క. గొల్లాళప్ప కంప రోంత తప్పించి పెద్దమ్మను లోపలికి తోలినాడు. బీడీ ముట్టిచ్చినాడు. పెద్దమ్మ పిలకలు కొరికింది, ఇంగొన్ని కొరికింది, గట్టు కాడికొచ్చి నిలబడి, కళ్లు సగం మూసుకోని, దవడ పక్కకు తిప్పి తిప్పి నెమరేసింది. పడలా. ఉబ్బలా. అప్పుడు వాడు మందను వదిలినాడు. కడుపునిండా మేపలేదంట, తలా కొన్ని నోళ్లు, మళ్ల తోలుకొచ్చేవాడు. ఒక్క గొర్రె కూడా పడలేదు. ఇట్ల రోజూ. గట్టు మింద ఒక గుండ్రాయి ఉండాది, దాని మింద కూసునేవాడు. ఆడనుంచి చూస్తే శనక్కాయ చేను, ఆ చేన్లో ఎర్ర చీర కొంగు నడుముకు చెక్కుకోని వంగి కలుపు తీస్తాండే మాళక్క. చెయ్యి ఆడించడు, పిలవడు, చెట్టు మాదిరి కూసుంటాడు. వాడు చూస్తాంటే గొర్రెలు మేస్తాండాయి, గొర్రెలు మేస్తాంటే వాడు చూస్తాండాడు. ఆమె తల ఎత్తేది కాదు. కానీ ఏమైందంటే, పక్క సాలు ఆడోళ్లు చెప్పేది, ఆ పిల్ల రోజూ గట్టు పక్క సాలే ఎందుకు పట్టేదో, ఆ సాలు వచ్చినప్పుడే పాట ఎందుకు ఎత్తుకునేదో మాకు తెలీలేదమ్మా అని. అబ్బా, నాకైతే ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటాది. సొంత మొగుడు, సొంత పెండ్లాం, దొంగల మాదిరి ఒకరినొకరు చూసుకోవాల.

దసరా పోయినాక ఈనేది మొదలైంది, ఎట్ల మొదలైందో మీరు చూసినారు. ఇంగ ఊరు ఊరంతా వచ్చి దొడ్డి కంప కాడ నిలబడి తలా ఒక మాట. ఒకామె అనింది, కొత్త కోడలు నల్ల గాజులు ఏసుకుంటాది కదా, అందుకే అని. ఇంగొకాయన అన్నాడు, ఆ పిల్ల దోవన పోతాంటే మంద ఎదురొచ్చింది, అప్పుడు నవ్వింది, సూడి గొర్రెల ముందర నవ్వొచ్చునా అని. జున్ను తినింటాదిలే అని ఇంగొకరు. ఈనకముందే జున్ను యాడ్నుంచి వచ్చిందో ఆయమ్మను ఎవరూ అడగలా. తిప్పక్కకు ఇవన్నీ పాయసం తాగినట్లుండాయి. నేను ముందే చెప్పినా, ఆ పిల్ల అడుగు మంచిది కాదని, మా అన్న కూతురైతే మంద కళకళలాడతాండె అనింది. మందను దగ్గరికి పోయి కళ్లారా చూడని మనిషి మందను ఎట్ల చెడగొట్టిందిరా నాయనా అని ఒక్కరన్నా అన్నారా? అనలా. ఇంగ దేవుని మాట చెప్పే గొరవయ్యను పిలిపించినారు. ఆయన గంట ఊపి, కళ్లు తిప్పి, మంద మింద కొత్త నీడ పడింది అన్నాడు. అంతే, కొత్త నీడంటే కొత్త కోడలే అని తేల్చేసినారు. ఆ ఏడు ఊర్లో కొత్త నీడలు శానా ఉండాయి సామీ. చౌడప్ప కొత్తగా మిద్దె కట్టినాడు, దాని నీడ సగం వీధికి పడతాండాది. దాన్ని ఎవరూ పుట్టింటికి పంపలా.

పంపేది అంటే పంపేసేదే, మళ్ల పిలిచేది లేదు. సోమవారం బీరప్ప గుడి కాడ కులమంతా కూసోని, కోడలి మూట కోడలికిచ్చి సాగనంపుతారు, ఉగాదికి తిప్పక్క అన్న కూతురికి ముహూర్తం. ఈ మాటలు మాళక్క అంట్లు తోముతాంటే ఆమె ఎదురుగానే మాట్లాడుకున్నారంట. కట్టడి అయిపోయింది కాబట్టి గొల్లాళప్ప ఇంటికి రావచ్చు, వచ్చినాడు. మధ్యాన్నం సంగటికి కూసున్నాడు. మాళక్క ముద్ద పెట్టి, ఊరిబిండి పెట్టి, రోంత దూరంగా కూసోని, నేల మింద ఏలుతో గీత గీస్తా, “ఈ కాలమంతా మంద యాడ మేసింది?” అని అడిగింది. వాడు నీళ్లు తాగినాడు. కొండ కింద అన్నాడు. ఆమె వాని మొగం చూసింది. సరే అనింది. అత్తతో అనే సరే వేరు, ఈ సరే వేరు.

ఆమెకు తెలీదా? అన్నీ తెలుసు. గట్టు మింద కూసున్నోడు ఎవడో, వాని మంద ఏం మేస్తాండాదో, చూపు దించుకోని చూసే ఆడోళ్లకు తెలిసినంత ఎవరికీ తెలీదు. మరి చెప్పొచ్చు కదా అంటారు. చెప్తే ఏమంటారు, తప్పు కప్పుకునేకి మొగుని మింద తోస్తాంది చూడండి అంటారు. అదొకటి. ఇంగోటి ఏమంటే, ఆ మాట వాని నోటి నుంచి వస్తాదా రాదా చూడాలని ఆ పిల్లకు పంతం. వానికేమో భయం. ఏం భయం? గొర్రెలు పోయినాయని కాదు, కట్టడి తప్పినానని కూడా కాదు. పెండ్లాన్ని చూసేకి రోజూ గట్టు మింద కాసుకోనున్నాడంట అని ఊరు నవ్వుతాదని. మొగోడు కల్లు తాగి పడిపోతే నవ్వరు, పెండ్లాన్ని కొడితే నవ్వరు, పెండ్లాన్ని ఊరికే కూసోని చూస్తే నవ్వుతారు. ఆ నవ్వు కన్నా, ఆమె పోయేదే వానికి మేలనిపించింది. మళ్ల రాత్రిళ్లు కలలు కంటాడంట, ఆమె పుట్టింటికి పోయినాక, తాను కంబళి కప్పుకోని కొండలు దాటి పోయి, తొట్టి కాడ ఆమెను చూసినట్ల, ఆమె దోసిట్లో నీళ్లిచ్చినట్ల. వాడు అంత గొప్ప ప్రేమికుడు. ఇంట్లో ఉండేదాన్ని ఇంట్లో ఉంచుకునేకి ఒక్క మాట చెప్పలేడు, కొండలు మాత్రం దాటుతాడు.

సోమవారం వచ్చింది. గుడి ముందర నల్ల కంబళి పరిచినారు, దాని మింద బీరప్ప కర్ర పెట్టినారు. ఆ ఇంటి మనుషులు ఒక్కొక్కరు వచ్చి కర్ర మింద చెయ్యి పెట్టి, మంద చెడేకి నా తప్పు లేదు అని చెప్పాల. తిప్పక్క ముందొచ్చింది, కర్ర ఇరిగేటట్ల చెయ్యేసి, ఊరవతలికి ఇనపడేటట్ల చెప్పింది. తర్వాత గొల్లాళప్ప. చెయ్యి చాపినాడు, కర్రకు తగలకుండా కంబళికి తగిలించి, నా తప్పేముంది అన్నాడు. అది మాటా కాదు, ఏడుపూ కాదు, పాలు దొరకని పిల్ల అరిచినట్లుండాదంట. చౌడప్ప సరే పో అన్నాడు. ఇంగ మాళక్క. మూట చంకన పెట్టుకోని నిలబడింది. కర్ర ముట్టలా, చౌడప్ప పక్క తిరిగింది. “పెదమామా, నేను పోతా, నాకేం ప్రమాణం వద్దు. ఆడపిల్లను పుట్టింటికి ఒట్టి చేతుల్తో పంపకూడదు కదా. ఆ పెద్దమ్మను ఇప్పించండి” అనింది.

అందరూ నవ్వినారు. మంద మొత్తంలో ఆ గొడ్డుదే దొరికిందా అని. తిప్పక్క ఎంబడే, తీసుకోమనండి, ఒకదానికొకటి తోడు అనింది. ఆ మాట ఎంత పుల్లగా అనిందో మీరే అనుకోండి. తాడు తెస్తామంటే మాళక్క వద్దనింది, దాన్ని ఎవరూ తోలొద్దు, ఊరికే ఇడిసిపెట్టండి, అది ఏ దోవన పోతే నేనూ ఆ దోవనే పోతా అనింది. పొద్దు నడినెత్తికొచ్చింది. దొడ్డి కంప తీసినారు. పెద్దమ్మ బయటికొచ్చింది, గాలి వాసన చూసింది, గంట ఆడించుకుంటా నడిచింది. గంట ఇనపడితే మంద ఊరుకుంటాదా, ఇంకా ఈనని సూడివి కొన్ని మిగిలినాయి, అవీ కడుపులు ఊగించుకుంటా ఎనకాలే పడినాయి. మాళక్క ఎనక, ఆమె ఎనక కులమంతా, సాగనంపేకి వచ్చినట్ల. నడిమధ్యలో గొల్లాళప్ప, వాని మొగం చూడాల మీరు. పెద్దమ్మ ఎంకటాద్రిపల్లి దోవకు పోలా. కొండ కిందికీ పోలా. నేరుగా వంక దిగింది, వంక ఎక్కింది, చౌడప్ప జొన్న చేని గట్టు పట్టుకునింది, కంపలో ఒక సందు కాడ ఒంగి దూరి లోపలికి పోయి, మోడుల్లో మిగిలిన పిలకలు కొరికేకి మొదలుపెట్టింది. ఆ సందు కంపకు అటు ఇటు బొచ్చు, ఒకరోజు దూరితే పట్టే బొచ్చు కాదది, కాలమంతా దూరితే పట్టేది. గట్టు మింద గుండ్రాయి, కూసోని కూసోని నున్నగా అయిపోయింది. దాని చుట్టూ బీడీ ముక్కలు.

మిగతా గొర్రెలూ దూరేకి పోతాంటే చౌడప్ప పరిగెత్తి పంచె కంపకు చిక్కించుకోని అడ్డం నిలబడినాడు. పంచె చినిగింది. తర్వాత మెల్లగా తిరిగి గొల్లాళప్పను చూసినాడు. సూడి గొర్రెలకు ఈ పిలకలు మేపినావురా అన్నాడు. గొల్లాళప్ప, పరీక్ష పెట్టినా మామా, పెద్దమ్మ తిని నెమరేసింది, ఒక్కటి కూడా పడలేదు, రోంతే మేపినా అన్నాడు. అప్పుడు చౌడప్ప అడిగినాడు చూడు ఒక మాట.

“పెద్దమ్మ కడుపులో ఏముందిరా, గడ్డి తప్ప?”

తరాల నుంచి గొడ్డుదాన్ని పంపి సూడివాటి మేత పరీక్ష చేస్తాండాము, ఇది ఇంతవరకు ఎవరికీ తట్టలా. రోంత రోంత తింటే తల్లికి ఏమీ కాదు, తల్లి నిలబడుతాది, నెమరేస్తాది, ఆ రోంత అంతా లోపలుండే పిల్లకు పోయి చేరుతాది. చేరి కాళ్లు బిగిస్తాది, గొంతు వాపుతాది. మందను చంపితే తప్ప అది విషమని మేము ఒప్పుకోము కదా. గొరవయ్య గంట సంచిలో ఏసుకోని, నీడ అన్నానే గానీ మనిషి అన్నానా అని జారుకునినాడు.

తిప్పక్క మాత్రం ఇంగా ఒదలలా. ఎందుకురా ఇంత దూరం తోలుకొచ్చినావు అనింది. గొల్లాళప్ప గడ్డి లేదన్నాడు. కొండ కింద నడుమెత్తు గడ్డి ఉండాది కదరా అన్నారు. నీళ్లకు అన్నాడు. వంక ఎండిపోయి ఎన్నాళ్లయింది అన్నారు. నీడకు అన్నాడు. ఆడ నీడ పడేంత చెట్టు ఒక్కటి లేదు. తిప్పక్కకు కాళ్లు నొప్పి పుట్టి ఆ గుండ్రాయి మింద కూసునింది. కూసోని తల ఎత్తి ఎదురుగా చూసింది. శనక్కాయ చేను, గట్టు పక్క సాలు. రాయి మింద కూసుంటే అది తప్ప ఇంగేమీ కనపడదు. మాళక్క మూట కింద పెట్టలా, చంకనే పెట్టుకోని, మొగుని నోరు చూస్తా నిలబడింది.

ఇంగ ఆ పైన ఏమైందో ముందే చెప్పేస్తా, మీకు ఇండ్లకు పోవాల. మాళక్క పోలా. అట్లని ఎంబడే కరిగిపోలా కూడా, శానా రోజులు ఆమె వానికి సంగటి పెట్టి పక్క గదిలోకి పోయేదంట. కాళ్లు బిగుసుకున్న పిల్ల ఒకటి బతికింది, గొల్లాళప్ప దాన్ని కంబళిలో కట్టుకోని ఊరంతా మోసినాడు, వాడు పోయే దోవలన్నీ ఊరు నవ్వేది. నవ్వుకు మనిషి చావడని వానికి అప్పుడు తెలిసింది, రోంత ముందు తెలిసింటే ఎన్ని పిల్లలు గెంతేవో. మా కులపోళ్లకు కూడా బుద్ధి వచ్చింది, ఆ పొద్దు నుంచి పెద్దమ్మలతో మేత పరీక్ష పెట్టేది మానేసినారు. కోడండ్ల మింద పరీక్ష పెట్టేది మాత్రం ఇంగా మానలేదు, దానికి ఇంగొక కథ అయితే గానీ బుద్ధి రాదేమో. పెద్దమ్మ మాళక్క ఇంటి ముందరే ముసలిదై, కడుపునిండా తిని పోయింది.

కానీ నాకు ఆ గట్టు కాడే మనసు నిలిచిపోతాది. ఎండ. గంట మోగేది ఆగిపోయింది. కులమంతా వాని మొగమే చూస్తాంది, వాడు ఆ రాయిని చూస్తాండాడు. కంబళి తీసి కింద పెట్టినాడు. అబద్ధాలన్నీ అయిపోయినాయి. ఆ పిల్లే కావాలని అప్పుడు తల్లితో ఎట్ల అన్నాడో అట్ల, గట్టిగా, అందరికీ ఇనపడేటట్ల, కానీ చౌడప్పను కాదు, మాళక్కను చూస్తా అన్నాడంట.

“తప్పు నాది. నా పెండ్లాన్ని చూసేకి వచ్చినా. కొండ కింద నుంచి కనపడదు.”